కంప్యూటరు రాత – కరెంటు కోత

ఆఫీసులో తపాలా సీటు చూసిన మిత్రులకు ఈ సంగతి కొత్త కాదు. పౌరుడు దరఖాస్తు తెచ్చి ఇస్తాడు. గుమాస్తా అతని నకలు మీద ముద్ర కొట్టి, తేదీ వేసి, పొడి సంతకం చేసి ఇచ్చేస్తాడు. అసలు దరఖాస్తు మాత్రం ఇంకా రిజిస్టరులోకి ఎక్కలేదు, బల్ల మీద ట్రేలో ఉంది. తీరిక చిక్కినప్పుడు దానికి నంబరు వేసి, డిస్ట్రిబ్యూషన్ రిజిస్టరులో ఎక్కించి, సెక్షనుకు పంపుతారు. వచ్చిన ప్రతివారినీ నిలబెట్టి, ముందు రిజిస్టరులో రాసి ఆ తరువాతే ముద్ర కొడితే వరుస వీధి దాకా పెరుగుతుంది. ముద్ర ముందు కొట్టి రాత తరువాత రాస్తే వరుస చకచకా కదులుతుంది. అయితే ఆ మధ్య వేళలో ట్రేకి ఏదైనా జరిగితే పౌరుని చేతిలో ముద్ర ఉంటుంది, ఆఫీసులో కాగితం ఉండదు.

కంప్యూటర్లలో సమాచారం దాచే పరికరాల చరిత్రలో చాలా భాగం ఈ ట్రే చుట్టూనే తిరిగింది. వేగం కావాలంటే ముద్ర ముందు కొట్టాలి, భద్రత కావాలంటే రాత ముందు రాయాలి. ఈ రోజుల్లో సెలవులకు వచ్చిన మనవలు "తాతయ్యా, పాత కంప్యూటరు పారేయకు, ఎస్.ఎస్.డి. వేయిస్తే పరుగెడుతుంది" అని చెప్పి దగ్గరుండి వేయించి పోతున్నారు. పరుగెడుతున్న మాట నిజమే. కాని కరెంటు పోయిన క్షణంలో దాని చేతిలో ఉన్న కాగితాలు ఏమవుతాయన్నది అమ్మేవాడు చెప్పడు, కొనేవాడు అడగడు. పెన్షను పత్రాలు, పొలం దస్తావేజుల నకళ్ళు, పోయినవారి ఫొటోలు అన్నీ ఆ పెట్టెలోనే పెట్టుకుంటున్న మన బోటివారికి ఇది తెలిసి ఉండటం అవసరమని తోచి, చదివి తెలుసుకున్నంత మేరకు రాస్తున్నాను.

ఉంగరాల జ్ఞాపకం

మొదట్లో ఈ బెడద ఇంతగా లేదంటే చాలామందికి ఆశ్చర్యంగా ఉంటుంది. 1953లో అమెరికాలోని ఎం.ఐ.టి. విద్యాసంస్థలో 'వర్ల్‌విండ్' అనే కంప్యూటరుకు జే ఫారెస్టర్ బృందం కొత్త రకం జ్ఞాపకాన్ని అమర్చింది. చిన్న చిన్న ఫెర్రైట్ ఉంగరాలను సన్నని తీగలతో వల అల్లినట్టు అల్లి, ఒక్కొక్క ఉంగరాన్ని ఒక దిక్కుకో దానికి ఎదురు దిక్కుకో అయస్కాంతంగా మార్చేవారు. ఒక దిక్కు సున్న, రెండో దిక్కు ఒకటి. అయస్కాంతం నిలిచి ఉండటానికి కరెంటుతో పని లేదు గదా! యంత్రాన్ని ఆపి మళ్ళీ పెడితే రాసింది రాసినట్టే ఉండేది. మన దేశంలో బొంబాయి టాటా పరిశోధనా సంస్థలో తయారై 1960లో పని మొదలుపెట్టిన టిఫ్రాక్ కంప్యూటరులోనూ ఈ ఉంగరాలే. ఒక్కొక్కటి 40 బిట్ల చొప్పున కొద్ది పదాలే పట్టేవి. ఇప్పుడు మన సెల్‌ఫోనులో ఒక చిన్న బొమ్మ కూడా అందులో ఇమడదు.

ఉంగరాలలో ఉన్నది నిలిచినా, ఆ క్షణంలో యంత్రం చేస్తున్న కూడికలు, తీసివేతలు మాత్రం కరెంటుతో పాటే పోయేవి. దానికీ ఉపాయం కనిపెట్టారు. 1970లో విడుదలైన పి.డి.పి.-11 అనే ప్రసిద్ధ యంత్రంలో సరఫరా పడిపోతున్నట్టు పసిగట్టగానే నడుస్తున్న పనిని నిలిపివేసి ప్రోగ్రాముకు ఒక హెచ్చరిక అందేది. అప్పటినుంచి సుమారు 2 మిల్లీసెకన్ల వ్యవధి, అంటే సెకనులో అయిదు వందవ వంతు. ఆ లోగా ప్రోగ్రాము తన చేతిలోని లెక్కలను ఉంగరాలలో సర్దేసేది. కరెంటు రాగానే ఆగిన చోటు నుంచి అందుకునేది. పోతూ పోతూ కరెంటు ఇచ్చే ఆ చివరి ఊపిరిని వాడుకోవటం అన్న ఈ ఆలోచనను పాఠకులు గుర్తుంచుకోవాలి. నలభై ఏళ్ళ తరువాత ఇదే మళ్ళీ అవసరమయింది.

ఇంతలో ఉంగరాల కాలం చెల్లిపోయింది. ఐ.బి.ఎం. సంస్థలో రాబర్ట్ డెన్నార్డ్ రూపొందించి 1968లో పేటెంటు పొందిన కొత్త జ్ఞాపకం, 1970లో ఇంటెల్ సంస్థ బజారులోకి తెచ్చిన 1103 అనే చిప్పు, రెండూ కలిసి ఉంగరాలను మూలకు నెట్టేశాయి. చవక, వేగం, చిన్న పరిమాణం, అన్నీ దానివే. ఒక్కటే అవలక్షణం. అందులో విద్యుత్తు చిల్లుకుండలో నీళ్ళలా కారిపోతూ ఉంటుంది. ఆ తొలి చిప్పును 2 మిల్లీసెకన్లకు ఒకసారి నింపుకుంటూ ఉండవలసి వచ్చేది. నింపటం ఆగితే కుండ ఖాళీ. ఈనాటికీ ప్రతి కంప్యూటరులో మనం ర్యామ్ అని పిలిచేది ఈ చిల్లుకుండనే. వేగం కోసం ప్రపంచమంతా, కరెంటు పోయినా మరచిపోని జ్ఞాపకాన్ని వదిలి, కరెంటుతో పాటే మరచిపోయే జ్ఞాపకాన్ని ఎంచుకున్నది. చవక కనుక ఎవరూ తప్పు పట్టలేదు. నేనూ తప్పు పట్టటం లేదు. కాని ట్రే అనేది బల్ల మీదికి వచ్చింది అప్పుడే.

తిరిగే పళ్ళేలు

శాశ్వతంగా దాచవలసిన వాటికి డిస్కులుండేవి. 1956లో ఐ.బి.ఎం. తెచ్చిన రామాక్ యంత్రంలో 24 అంగుళాల పళ్ళేలు 50 ఒకదాని మీద ఒకటి తిరుగుతూ మొత్తం 50 లక్షల అక్షరాలు దాచుకునేవి. బరువు టన్నుకు పైగా. తరువాతి కాలంలో పళ్ళెం అరచేతిలోకి వచ్చింది గాని తిరగటం మానలేదు. ఆ తిరగటంలోనే చిక్కు ఉంది. నిమిషానికి 7,200 సార్లు తిరిగే డిస్కు సెకనుకు 120 చుట్లు తిరుగుతుంది. ఒక పద్దు రాసి, అది పడిందని రూఢి చేసుకుని, దాని పక్కన ఇంకొక పద్దు రాయాలంటే పళ్ళెం మళ్ళీ చుట్టు తిరిగి వచ్చేదాకా ఆగాలి. అంటే నిక్కచ్చిగా రాస్తే సెకనుకు సుమారు 120 పద్దులు. బ్యాంకుకో రైల్వే రిజర్వేషనుకో అది ఏ మూలకు?

అందుకని డిస్కు తయారుచేసేవారు దానిలోపలే కొంచెం ర్యామ్ పెట్టారు. వచ్చిన రాతను ర్యామ్‌లోకి తీసుకుని 'రాశాను' అని జవాబిచ్చి, తరువాత వీలు చూసుకుని పళ్ళెం మీద రాస్తుంది. ఇదే మన ట్రే. ముఖ్యమైన రాతల కోసం 'ట్రే అంతా ఖాళీ చేసి అప్పుడు చెప్పు' అనే ఆజ్ఞ కూడా ఒకటి ఏర్పరిచారు. దాన్ని ఇంజనీర్లు ఫ్లష్ అంటారు.

దీనికి తోడు లెక్కలు రాసేవారి పాత పద్ధతి ఒకటి కంప్యూటర్లలోకి వచ్చింది. మన షావుకార్లు చిట్టాలో రాయనిదే ఆవర్జాలో ఎక్కించరు. కంప్యూటరు ఖాతాలలోనూ అంతే. ముందు చేయబోయే మార్పును చిట్టా వంటి ఒక వరుస పుస్తకంలో రాసి, అది డిస్కు మీద పడిందని నిర్ధారించుకుని, అప్పుడు అసలు ఖాతా మారుస్తారు. మధ్యలో కరెంటు పోతే చిట్టా చూసి సగంలో ఆగినదాన్ని పూర్తి చేయటమో కొట్టివేయటమో చేస్తారు. ఈ పద్ధతికి సమగ్ర రూపం ఇచ్చిన 'ఏరీస్' అనే వ్యాసం 1992లో వెలువడింది. దాని ముఖ్య రచయిత మద్రాసు ఐ.ఐ.టి.లో చదివి ఐ.బి.ఎం.లో పనిచేసిన సి. మోహన్. అయితే ఇదంతా నిలబడేది ఒక్క నమ్మకం మీద. డిస్కు 'చిట్టా రాశాను' అంటే నిజంగా రాసి ఉండాలి.

ఆ నమ్మకం ఎంత బలహీనమో 2005 జనవరిలో సియాటిల్ నగరంలో బయటపడింది. లైవ్‌జర్నల్ అని లక్షలాది మంది తమ దినచర్యలు రాసుకునే సంస్థ ఒకటి ఉండేది. దాని యంత్రాలు ఉన్న కేంద్రంలో జనరేటర్లు, యు.పి.ఎస్.లు అన్నీ ఉన్నాయి. ఎవరో అత్యవసరానికి పెట్టిన ఎర్ర బొత్తం నొక్కారు. జనరేటరు, యు.పి.ఎస్. అన్నిటితో సహా కేంద్రం ఒక్కసారిగా చీకటయింది. కరెంటు త్వరలోనే వచ్చింది గాని ఖాతాలు కోలుకోలేదు. డిస్కులు రాశామని చెప్పిన చిట్టాలలో కొన్ని అసలు రాయనే లేదు. వెనకటి నకళ్ళు తీసి అన్నీ సరిచేసేసరికి ఒక రోజు దాటింది. ఆ సంస్థ స్థాపకుడు బ్రాడ్ ఫిట్జ్‌ప్యాట్రిక్ ఆ సంవత్సరమే ఒక చిన్న ప్రోగ్రాము రాసి అందరికీ ఇచ్చాడు. ఒక కంప్యూటరు రాస్తూ ఉంటుంది, 'ఇది రాశాను' అన్నప్పుడల్లా పక్క కంప్యూటరు ఆ మాటను నమోదు చేసుకుంటుంది. మధ్యలో ప్లగ్గు పీకాలి. మళ్ళీ పెట్టి రెండిటినీ సరిచూడాలి. మన ఆడిటు పార్టీ చేసే పని కూడా ఇదే కదా!

మన ఆఫీసుల్లో ఇటువంటివి జరగలేదని కాదు. 2003 ప్రాంతంలో నేను పనిచేసిన ఒక కార్యాలయంలో (పేరు ఎందుకులెండి) పెన్షను సవరణ పట్టికలు కంప్యూటరులోకి ఎక్కిస్తున్నారు. యు.పి.ఎస్. ఉన్నది, దాని బ్యాటరీ చచ్చి ఎనిమిది నెలలయింది. కొత్తది కొనే ఫైలు మూడో కొటేషను రాక సెక్షనులో ఆగి ఉన్నది. ఒక సాయంత్రం కరెంటు పోయింది. ఆపరేటరు కుర్రవాడు అంతకు క్షణం ముందే సేవ్ కొట్టానని ప్రమాణం చేశాడు. తెరిచి చూస్తే ఫైలు పేరు ఉన్నది, తేదీ ఉన్నది, లోపల ఏమీ లేదు. అతని మాట ఎవరూ నమ్మలేదు. నాకు మాత్రం అతను చెప్పినది నిజమే అనిపిస్తుంది. సేవ్ కొట్టాడు, యంత్రం సరేనన్నది, రాత ట్రేలోనే ఉండిపోయింది. అదృష్టవశాత్తు సర్వీసు రిజిస్టర్లు బీరువాలో ఉన్నాయి కనుక సిబ్బంది కూర్చుని మళ్ళీ ఎక్కించారు, రెండు వారాలు పట్టింది. ఈనాడు చాలా కాగితాలు పుట్టటమే యంత్రంలో పుడుతున్నాయి. తిరిగి ఎక్కించటానికి వెనక బీరువా లేదు. ఆ రోజుకీ ఈ రోజుకీ తేడా అదే.

మాసువోకా చిప్పు

ఇక ఎస్.ఎస్.డి. సంగతి. కరెంటు లేకపోయినా మరచిపోని చిప్పు చేయటానికి దారి చూపినది 1967లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో కాంగ్, జీ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు. చుట్టూ గాజు వంటి పొర కట్టిన ఒక చిన్న గదిలోకి విద్యుత్కణాలను నెట్టి బంధిస్తే అవి ఏళ్ళ తరబడి అక్కడే ఉంటాయి. దాన్ని పెద్ద ఎత్తున, చవకగా వాడుకునే పద్ధతి కనిపెట్టినది జపానులో తోషిబా సంస్థ ఇంజనీరు ఫుజియో మాసువోకా. 1984లో మొదటి రకం, 1987లో ఇప్పుడు అందరూ వాడుతున్న నాండ్ రకం. గదులన్నిటినీ ఒక్కసారిగా చెరపటం ఫొటో తీసేటప్పటి మెరుపులా ఉందని సహోద్యోగి ఒకరు దానికి ఫ్లాష్ అని పేరు పెట్టారు.

ఉద్యోగ సంఘాల వాళ్ళం కనుక ఒక మాట చెప్పి ముందుకు పోతాను. ఈ మహానుభావుడు 1994లో కంపెనీ వదిలి విశ్వవిద్యాలయంలో చేరాడు. తన ఆవిష్కరణ మీద కంపెనీ గడించిన దానిలో న్యాయమైన వాటా రాలేదని 2004లో కోర్టుకు వెళ్ళాడు. 2006లో 8 కోట్ల 70 లక్షల యెన్లకు రాజీ కుదిరింది. ప్రపంచంలో ప్రతి సెల్‌ఫోనులో ఉన్న వస్తువుకు అది ఏపాటి?

1988లో కాలిఫోర్నియాలో ఏలై హరారీ, మన కాన్పూరులో పుట్టిన సంజయ్ మెహ్రోత్రా, జాక్ యువాన్ కలిసి సన్‌డిస్క్ అనే సంస్థ పెట్టారు. తరువాత అది శాన్‌డిస్క్ అయింది. 1991లో వారు ఐ.బి.ఎం. కోసం 20 మెగాబైట్ల ఫ్లాష్ డిస్కు చేసి ఇచ్చారు, ధర సుమారు 1,000 డాలర్లు. ఇప్పటి ఫోను ఫొటోలు అందులో నాలుగైదు పడతాయేమో. మామూలు జనం కొనగలిగే ఎస్.ఎస్.డి.లు రావటానికి ఇంకా పదిహేను ఏళ్ళ పైచిలుకు పట్టింది.

తిరిగే పళ్ళెం లేదు, కదిలే భాగం లేదు, కరెంటు పోయినా మరచిపోదు. ఇంకేం కావాలి అనిపిస్తుంది. కాని ఫ్లాష్ రాసే తీరులో ఒక మెలిక ఉన్నది. రాసిన పేజీని దిద్దటానికి వీలు లేదు. దిద్దాలంటే వందలాది పేజీలున్న పుస్తకం మొత్తం చెరపాలి. అందుకని డ్రైవు ఏం చేస్తుందంటే, మార్పు వచ్చినప్పుడల్లా వేరే ఖాళీ పేజీలో కొత్తగా రాసి, 'ఫలానా కాగితం ఇప్పుడు ఫలానా చోట ఉన్నది' అని ఒక సూచిక రాసుకుంటుంది. పాత పేజీలను తీరికగా చెరుపుతుంది. ర్యామ్‌లో రాత ఒక సెకనులో కోటి వంతుల లెక్కలో అయిపోతే, ఫ్లాష్ పేజీ రాయటానికి దానికి వేల రెట్ల సమయం పడుతుంది, చెరపటానికి ఇంకా ఎక్కువ. వేగం కోసం ఆ సూచికను కూడా డ్రైవు ర్యామ్‌లోనే ఉంచుకుని అప్పుడప్పుడు ఫ్లాష్‌లోకి దింపుతుంది.

రికార్డు రూము చూసినవారికి దీని ప్రమాదం వెంటనే తెలుస్తుంది. కట్టలన్నీ ర్యాకుల మీద భద్రంగానే ఉన్నాయి. ఇండెక్సు రిజిస్టరు పోయింది. ఇక ఏ కట్ట ఎక్కడున్నదో బ్రహ్మదేవుడికి కూడా తెలియదు. పాత హార్డు డిస్కులో కరెంటు పోతే సాధారణంగా ఆ క్షణంలో రాస్తున్నదే పోయేది. ఎస్.ఎస్.డి.లో సూచిక చెడితే ఎప్పుడో రాసి మరచిపోయినవి కూడా పోవచ్చు.

ఇంకొక ప్రమాదం ధరను తగ్గించబోయి తెచ్చుకున్నది. మొదట్లో ఒక గదిలో ఒక బిట్టే ఉంచేవారు. తరువాత రెండు, మూడు, ఇప్పుడు నాలుగు. నాలుగు ఉంచాలంటే ఆ ఇసుమంత గదిలో విద్యుత్తును 16 మట్టాలలో ఏదో ఒక దానికి సరిగ్గా నింపాలి. అంత నాజూకు పని కనుక రాత నెమ్మది. నెమ్మది కనుక ట్రే మీద ఆధారపడటం ఎక్కువ. పైగా ఒకే గదిలోని రెండు బిట్లు వేరు వేరు పేజీలకు చెంది ఉండవచ్చు. రెండో పేజీ రాస్తుండగా కరెంటు పోతే, ఎప్పుడో క్షేమంగా రాసి ఉన్న మొదటి పేజీ కూడా చెడుతుందని 2011లో శాన్ డియాగోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం పరిశోధకులు చిప్పుల మీద పరీక్షించి చూపారు.

2013లో ఒహైయో స్టేట్ విశ్వవిద్యాలయం, హెచ్.పి. ప్రయోగశాలల వారు కలిసి ఇంకా పెద్ద పరీక్ష పెట్టారు. అయిదుగురు తయారీదార్ల ఎస్.ఎస్.డి.లు 15 తీసుకుని, రాస్తుండగా మధ్యలో కరెంటు తీసివేస్తూ, మొత్తం మూడు వేల సార్లకు పైగా ఆ హింస పెట్టారు. 15లో 13 ఏదో ఒక రీతిలో తప్పాయి. కొన్నింటిలో అక్షరాలు మారిపోయాయి, కొన్నింటిలో సగం కొత్త రాత సగం పాత రాత, కొన్నింటిలో ముందు రాసినది పోయి తరువాత రాసినది మిగిలింది. ఒక డ్రైవులో సుమారు మూడో వంతు సమాచారం చేతికి అందకుండా పోయింది. ఇంకొకటి కంప్యూటరుకు కనిపించటమే మానేసింది. తయారీదార్ల పేర్లు వారు బయట పెట్టలేదు.

ఫ్యాను కండెన్సరు

దీనికి మందు ఏమిటంటే, పి.డి.పి.-11 రోజుల నాటి చివరి ఊపిరే. ఫ్యాను తిరగకపోతే ఎలక్ట్రీషియను వచ్చి మార్చే కండెన్సరు మనందరికీ తెలుసు. ఆ జాతివే చిన్నవి కొన్ని డ్రైవు లోపల వరుసగా అమరుస్తారు. కరెంటు ఉన్నంతసేపూ అవి నిండి ఉంటాయి. సరఫరా పడిపోయినట్టు పసిగట్టగానే డ్రైవు కొత్త పనులు తీసుకోవటం మానేసి, ఆ కండెన్సర్లలోని కాస్త విద్యుత్తుతో ట్రేలో ఉన్నవన్నీ, సూచికతో సహా, ఫ్లాష్‌లోకి దింపి అప్పుడు కన్ను మూస్తుంది. ఇదంతా మిల్లీసెకన్ల వ్యవహారం.

ఇందులో విశేషం ఏమిటంటే, ఈ రక్షణ వల్ల వేగం తగ్గదు, పెరుగుతుంది. నాకు ఈ చరిత్ర అంతటిలోకీ నచ్చినది ఇదే. కండెన్సరు లేని డ్రైవుకు 'ట్రే ఖాళీ చేసి చెప్పు' అన్న ఆజ్ఞ వస్తే, నిజాయితీగలదైతే పని ఆపి ప్రతి కాగితమూ ఫ్లాష్‌లో రాసేదాకా జవాబివ్వదు. అప్పుడు ప్రకటనల్లో చెప్పిన వేగంలో కొద్ది భాగమే మిగులుతుంది. కండెన్సరు ఉన్న డ్రైవుకు ట్రేలోకి వచ్చిన కాగితం అప్పటికే భద్రం, కనుక వెంటనే 'అయింది' అనవచ్చు. ఆ మాట అబద్ధం కాదు. అందుకే బ్యాంకులు, పెద్ద పెద్ద సమాచార కేంద్రాలు ఎక్కువ ధర పెట్టి ఆ రకం కొంటాయి. 2014 నవంబరులో మొదలైన జీవన్ ప్రమాణ్ యంత్రం మీద మనం వేలు పెట్టి బతికే ఉన్నామని చెప్పే మాట వెళ్ళి పడేది అటువంటి పెద్ద కేంద్రాలలోనే. దాని గురించి ఎవరూ దిగులు పడనక్కరలేదు.

కండెన్సరు ఉన్నంత మాత్రాన గండం గడిచిందనుకోవటానికీ లేదు. 2011లో ఇంటెల్ సంస్థ ఈ కండెన్సర్లతోనే 320 అనే డ్రైవును విడుదల చేసింది. కొద్ది నెలలకే కొందరి డ్రైవులు కరెంటు పోయి వచ్చాక తమ సామర్థ్యం 8 మెగాబైట్లని చెప్పటం మొదలుపెట్టాయి. వందల గిగాబైట్ల డ్రైవు, లోపల ఏమీ లేనట్టు! లోపం కండెన్సరులో లేదు, డ్రైవు లోపలి ప్రోగ్రాములో ఉన్నది. ఆ ఆగస్టులో సవరణ ఇచ్చారు. ఇక 2014 ప్రాంతంలో, మామూలు వినియోగదారుల డ్రైవులు కొన్నింటిలో 'కరెంటు పోయినా రక్షణ' అని రాసి ఉన్నది ముందే రాసి ఉన్న పేజీలకు మాత్రమే వర్తిస్తుందనీ, ట్రేలో ఉన్న కొత్త రాతకు కాదనీ తరువాత తేలింది. అట్ట మీద మాటను పూర్తిగా చదవాలి. జి.వో.లలో చివరి పేరా చదవటం అలవాటైన వాళ్ళం, ఇది మనకు కష్టం కాదు.

సంగతి ఇప్పటికీ పూర్తిగా సర్దుకోలేదు. 2022 ఫిబ్రవరిలో అమెరికాలో ఒక ఇంజనీరు బజారులో దొరికే నాలుగు రకాల కొత్త డ్రైవులు కొని, ఖాళీ చేశామని అవి జవాబిచ్చిన తరువాతే కరెంటు తీసి చూశాడు. నాలుగింటిలో రెండు, చెప్పిన మాట నిలబెట్టుకోలేదు. ఉంగరాల వలె ఎన్నటికీ మరచిపోకుండా, ర్యామ్‌కు దగ్గరి వేగంతో పనిచేయాలని ఇంటెల్, మైక్రాన్ కలిసి 2015లో ప్రకటించిన కొత్త రకం జ్ఞాపకం ఆప్టేన్ అన్న పేరుతో 2017లో బజారుకు వచ్చింది. ఆ వ్యాపారాన్ని మూసివేస్తున్నామని 2022లో ఇంటెల్ ప్రకటించింది. వస్తువు బాగా లేక కాదు, ధర గిట్టక.

మన ఇళ్ళ సంగతికి వస్తే, ల్యాప్‌టాప్‌కు దాని బ్యాటరీయే కండెన్సరు. బ్యాటరీ చచ్చిపోయినా ప్లగ్గు పెట్టుకుని నడుపుతున్నవారు మాత్రం బ్యాటరీ మార్పించుకోవటం మంచిది. బల్ల మీది కంప్యూటరుకు యు.పి.ఎస్. తప్పనిసరి, దాని బ్యాటరీ రెండు మూడేళ్ళకు ఒకసారి చూపించాలి. విండోస్‌లో డ్రైవు అమరికల దగ్గర, ట్రే ఖాళీ చేయమనే ఆజ్ఞను ఆపేసే గడి ఒకటి ఉంటుంది. వేగం పెరుగుతుందని ఎవరైనా కుర్రవాడు దాన్ని టిక్కు పెడతానంటే వద్దనండి. డ్రైవుకు వేరే విద్యుత్ సరఫరా లేకపోతే దాన్ని ముట్టుకోవద్దని అక్కడే రాసి ఉంటుంది. పెన్‌డ్రైవును చటుక్కున పీకటం కూడా దానికి కరెంటు పోవటమే. ఈ బాధ పడలేక మైక్రోసాఫ్ట్ సంస్థే 1809 నంబరు గల విండోస్ 10 నుంచి, బయట నుంచి తగిలించే డ్రైవులకు వేగం తగ్గినా సరే ట్రే వాడకుండా రాసేటట్టు మార్చింది. అయినా రాస్తుండగా పీకితే ఏ అమరికా కాపాడదు.

ఫొటోలు ఎస్.ఎస్.డి.లో పెట్టి బీరువాలో దాచేవారు ఇంకొకటి గమనించాలి. గదిలో బంధించిన విద్యుత్కణాలు కూడా మెల్లగా జారుకుంటాయి. పరిశ్రమ ప్రమాణం ప్రకారం, రాతల ఆయుష్షు పూర్తిగా వాడేసిన ఇంటి రకం డ్రైవు 30 డిగ్రీల దగ్గర కరెంటు లేకుండా ఒక సంవత్సరం నిలుపుకుంటే చాలు. కొత్త డ్రైవు అంతకంటె చాలా ఎక్కువ కాలమే నిలుపుకుంటుంది గాని, వేడి పెరిగే కొద్దీ ఆ కాలం తగ్గుతుంది. మన రామగుండం, విజయవాడ ఎండలు తెలిసినవే. అప్పుడప్పుడు తీసి కంప్యూటరుకు తగిలించటం, ఇంకొక నకలు వేరే చోట ఉంచటం మంచిది.

ఇప్పటి కొత్త రకం ఎస్.ఎస్.డి.లలో చాలావాటికి ఒక అలవాటు ఉన్నది. చెప్పకుండా కరెంటు తీసేసిన ప్రతిసారీ అవి లోపల ఒక అంకె పెంచుకుంటాయి. కంప్యూటరును పద్ధతిగా ఆపితే ఆ అంకె పెరగదు. ఉచితంగా దొరికే చిన్న ప్రోగ్రాములతో దాన్ని చూడవచ్చు, 'అన్‌సేఫ్ షట్‌డౌన్స్' అని ఉంటుంది. కిందటి సంక్రాంతికి మా మనవడు మా ఇంటి కంప్యూటరులో అది తీసి చూపించాడు. మూడేళ్ళలో 94. ఆ వారమే యు.పి.ఎస్. బ్యాటరీ మార్పించాము. ఉగాదికి వాడు ఫోనులో అడిగితే చూసి చెప్పాను, 95. ఆ ఒక్కటీ పనిమనిషి తుడుస్తూ ప్లగ్గు తీసినది.